వియెలిచ్కా ఉప్పు గని, షిండ్లర్ ఫ్యాక్టరీ మ్యూజియం: ఒక్క రోజు గైడెడ్ టూర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

యూరప్‌లో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, పోలండ్‌లోనే ఉంటున్న విద్యార్థులు, ప్యాకేజీ టూర్‌లో ఒక రోజు ఖాళీ దొరికినవాళ్ళు పోలండ్‌లోని క్రాకోవ్ నగరం చేరాక అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. వాటికి జవాబులు ఇవి. టికెట్ ధరలు, తెరిచి ఉండే వేళలు తరచూ మారుతుంటాయి కాబట్టి ఇక్కడ రాయలేదు. బయల్దేరే ముందు ఆ రెండు సంస్థల అధికారిక వెబ్‌సైట్లలో చూసుకోండి.

ఉప్పు గనికీ యుద్ధ మ్యూజియానికీ ఏం సంబంధం? ఒకే టూర్‌లో ఎందుకు పెడతారు?

పైకి కనిపించే కారణం, దారి కలిసిరావడం. గని క్రాకోవ్‌కు ఆగ్నేయంగా సుమారు 14 కి.మీ. దూరంలో వియెలిచ్కా అనే చిన్న పట్టణంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో తన యూదు కార్మికులను కాపాడిన ఆస్కర్ షిండ్లర్ పాత ఫ్యాక్టరీలో పెట్టిన మ్యూజియం క్రాకోవ్ నగరంలోనే, విస్తులా నదికి దక్షిణపు ఒడ్డున జబ్వోచె అనే పాత పారిశ్రామిక వాడలో, లిపోవా వీధి 4వ నంబరు భవనంలో ఉంది. గని చూసి ఊళ్ళోకి తిరిగివచ్చే దారిలోనే తగులుతుంది.

కానీ ఈ రెండింటినీ కలిపే అసలు చరిత్ర వేరే ఉంది. అది తెలిసి వెళితే ఈ రోజుకు అర్థమే మారిపోతుంది. మధ్యయుగాల్లో ఉప్పంటే రాజ్యానికి ప్రాణం. 14వ శతాబ్దంలో పోలండ్ ఖజానాకు వచ్చే రాబడిలో మూడో వంతు దాకా ఉప్పు మీదే వచ్చేది. మూడో కజిమీర్ రాజు 1364లో క్రాకోవ్‌లో విశ్వవిద్యాలయం స్థాపించినప్పుడు, ఆచార్యుల జీతాలను వియెలిచ్కా ఉప్పు ఆదాయం నుంచి ఇచ్చేలా ఏర్పాటు చేశాడు. అదే నేటి యాగెలోనియన్ విశ్వవిద్యాలయం. 1939 సెప్టెంబరు 6న జర్మన్ సైన్యం క్రాకోవ్‌లో అడుగుపెట్టింది. సరిగ్గా రెండు నెలలకు, నవంబరు 6న, ఉపన్యాసం ఉందని చెప్పి ఆ విశ్వవిద్యాలయం ఆచార్యులను ఒక హాల్లోకి పిలిపించి, 180 మందికి పైగా అరెస్టు చేసి, ఆ తర్వాత జాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరానికి తరలించారు. మ్యూజియంలో ఈ ఘట్టం తొలి గదుల్లోనే ఎదురవుతుంది. గని కార్మికులు ఆరు వందల ఏళ్ళ పాటు తవ్విన ఉప్పు మీద లేచిన ఒక నగరం, ఆరేళ్ళలో ఏమైపోయిందో ఈ ఒక్క రోజులో చూస్తారు.

ముందు ఏది చూడాలి?

గని. ఉదయం ఒంట్లో ఓపిక ఉన్నప్పుడు మెట్లు దిగడం మేలు. అంతకంటే ముఖ్యంగా, మ్యూజియం చూశాక మనసు ఇంకో దాని మీదికి పోదు. కొన్ని టూర్లు టికెట్ల లభ్యతను బట్టి వరస తిప్పేస్తాయి. బుక్ చేసేటప్పుడే అడగండి. రెండింటి మధ్య భోజనానికి గంటసేపైనా వదిలిన టూర్‌నే ఎంచుకోండి. ఆ విరామం లేకుండా పరుగులు పెట్టించే టూర్ ఎంత చవకగా వచ్చినా వద్దనే చెబుతాను.

గనిలో ఎన్ని మెట్లు దిగాలి? మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెళ్ళగలరా?

అందరికంటే ఎక్కువగా అమ్మానాన్నలను తీసుకొచ్చే పిల్లలు అడిగే ప్రశ్న ఇది. టూరిస్టు మార్గం దానిలోవిచ్ షాఫ్ట్ (గనిలోకి నిలువుగా తవ్విన బావిలాంటి దారి) దగ్గర మొదలవుతుంది. మొదట్లోనే చెక్క మెట్ల మీద దాదాపు 380 మెట్లు ఏకబిగిన దిగి, 64 మీటర్ల లోతులో ఉన్న మొదటి అంతస్తు చేరాలి. ఆ తర్వాత విడతలు విడతలుగా మరికొన్ని. మొత్తం కలిపి 800 మెట్ల వరకు ఉంటాయి. చివరికి 135 మీటర్ల లోతుకు వెళతారు. నడక మూడు కిలోమీటర్ల పైనే.

అయితే దాదాపు అన్నీ దిగే మెట్లే. పైకి వచ్చేటప్పుడు లిఫ్టు ఉంటుంది. అందుకని ఆయాసం కంటే మోకాళ్ళ మీద భారమే ఎక్కువ. మెట్లు ఎక్కడం పర్వాలేదు, దిగడమే కష్టం అనే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ తేడా గట్టిగా గుర్తుపెట్టుకోండి. రెయిలింగ్ ఉంటుంది, మలుపు మలుపుకీ కాస్త చోటు ఉంటుంది, అక్కడ ఆగి వెనకవాళ్ళకు దారి ఇవ్వచ్చు. మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళను, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవాళ్ళను డాక్టరును అడగకుండా తీసుకెళ్ళకండి. సగం దారిలో వెనక్కి తిరిగి అవే మెట్లు ఎక్కడం కుదిరే పని కాదు.

వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళ సంగతి?

గనిలో కొంత భాగాన్ని వాళ్ళకు అనువుగా మార్చారు. లిఫ్టులోనే దింపుతారు. కానీ మామూలు గుంపుతో పాటు కుదరదు, గని నిర్వాహకులతో ముందుగా మాట్లాడి ఏర్పాటు చేసుకోవాలి. టూర్ కంపెనీ మీద వదిలేయకుండా మీరే రాసి, జవాబు తెప్పించుకోండి.

భూమి లోపల ఊపిరాడనట్టు ఉంటుందా?

ఇరుకు సొరంగాల్లో పాకుతూ వెళ్ళాలేమోనని చాలామంది భయపడతారు. అలా ఉండదు. నడిచే దారులు వెడల్పుగా, గదులు పెళ్ళి మండపాలంత విశాలంగా ఉంటాయి. గాలి ఆడే ఏర్పాటు పక్కాగా ఉంది. దారిలో వరసగా రెండేసి తలుపులు తగులుతాయి. ఒకటి మూశాకే గైడు రెండోది తెరుస్తారు. గాలి ప్రవాహాన్ని అదుపులో ఉంచే పద్ధతి అది.

ఇబ్బంది పెట్టేది ఏదైనా ఉంటే అది చివర్లో వచ్చే లిఫ్టు. అది కార్మికుల లిఫ్టు. చిన్నది, చీకటిగా ఉంటుంది, మనుషులను దగ్గర దగ్గరగా నిలబెడతారు, వేగంగా పైకి పోతుంది. నిమిషం కూడా పట్టదు. మూసి ఉన్న చోట్లంటే భయం ఉన్నవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి, మధ్యలో నిలబెట్టి చేయి పట్టుకోండి.

లోపల చలిగా ఉంటుందా?

ఏడాది పొడుగునా 17 నుంచి 18 డిగ్రీలు. మనకు పలచని స్వెట్టర్ చాలు. జారని బూట్లు మాత్రం తప్పనిసరి. చీర కట్టుకునే అమ్మలు ఆ పూటకు చుడీదార్ వేసుకుంటే మెట్ల మీద సుఖంగా ఉంటుంది. పెద్ద సూట్‌కేసులు, ట్రాలీ బ్యాగులు లోపలికి రానివ్వరు.

గనిలో అసలు ఏం చూస్తాం? ఉప్పు గోడలేనా?

ఉప్పే. కానీ తెల్లగా మెరిసిపోతుందనుకుని వెళితే మొదటి పది నిమిషాలు నిరాశపడతారు. ఇక్కడి రాతి ఉప్పు బూడిద రంగులో, గ్రానైట్ రాయిలా ఉంటుంది. సుమారు కోటీ ముప్పై లక్షల ఏళ్ళ కిందట ఎండిపోయిన సముద్రపు మిగులు ఇది. గని తొమ్మిది అంతస్తుల్లో 327 మీటర్ల లోతు దాకా ఉంది. సొరంగాల మొత్తం పొడవు 240 కి.మీ. దాటుతుంది. మనం నడిచేది అందులో రెండు శాతం కూడా కాదు.

గైడు వేగంగా దాటించినా మీరు ఆగి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గదుల్లో పైకప్పు కూలకుండా నిలబెట్టిన పైన్ దుంగల చట్రాలు మొదటివి. వాటికి సున్నం వేసింది అందానికి కాదు, చిన్న నూనె దీపాల వెలుగు రెట్టింపై కనిపించడానికి. ఉప్పు పట్టిన కొయ్య పుచ్చదు, కుళ్ళదు. అందుకే అవి శతాబ్దాలుగా నిలబడి ఉన్నాయి. ఉప్పును గుండ్రటి దిమ్మెలుగా చెక్కి దొర్లించుకుంటూ తీసుకెళ్ళేవారు. ఒక్కో దిమ్మె వందల కిలోల బరువు ఉండేది. వాటిని పైకి లాగే చెక్క యంత్రాలు గుర్రాలతో తిరిగేవి. అలా గనిలో దిగిన గుర్రాలు ఏళ్ళ తరబడి అక్కడే బతికేవి. ఆఖరి గుర్రం బాష్కా 2002లో పైకి వచ్చింది.

నా మట్టుకు గనిలో అన్నిటికంటే విలువైన చోటు ‘కాలిన గది’. ఉప్పు పొరల్లోంచి మీథేన్ వాయువు ఊరి పైకప్పు కింద పోగవుతుంది. నిప్పు తగిలితే పేలుడే. అది పోగై ప్రమాదంగా మారకముందే తగలబెట్టడానికి కొందరు కార్మికులు తడి బట్టలు కట్టుకుని, పొడుగు కర్ర చివర కాగడా పెట్టుకుని, నేల మీద పాకుతూ ముందుకు వెళ్ళేవారు. చూడ్డానికి ప్రాయశ్చిత్తం చేసుకునే భక్తుల్లా ఉంటారని వాళ్ళకు ‘పశ్చాత్తాపులు’ అని పేరు. ఆ గదిలో వాళ్ళ బొమ్మలున్నాయి. గైడు రెండు వాక్యాల్లో చెప్పి కదిలితే ప్రశ్నలు అడిగి ఆపండి.

కింగా చర్చి అంత గొప్పదా? చెప్పులు విప్పాలా? ఫోటోలు తీయనిస్తారా?

గొప్పదే. 101 మీటర్ల లోతులో, 54 మీటర్ల పొడవున, నేలా గోడలూ బలిపీఠమూ అన్నీ ఉప్పులోనే చెక్కిన ప్రార్థనా మందిరం. దీపాల గుత్తులకు వేలాడేవి కూడా ఉప్పు స్ఫటికాలే. 1896లో పని మొదలైంది. యూజెఫ్ మార్కోవ్‌స్కీ, ఆయన తమ్ముడు తొమాష్, వాళ్ళ తర్వాత ఆంతోనీ విరోదెక్ ఆరు దశాబ్దాలకు పైగా చెక్కారు. ముగ్గురూ గనిలో పనిచేసిన కార్మికులే. ఏసు చివరి విందును గోడ మీద చెక్కింది విరోదెక్. మీరు దగ్గరికి వెళ్ళి చూస్తే బొమ్మ ఎంత లోతుగా ఉన్నట్టు అనిపిస్తుందో, గోడలోకి తవ్వింది అంత తక్కువని తెలుస్తుంది.

కింగా హంగరీ రాజు నాలుగో బేలా కూతురు, పోలండ్ పాలకుడు బొలెస్వావ్‌ను పెళ్ళాడింది. పుట్టింటి నుంచి బయల్దేరేటప్పుడు అక్కడి ఉప్పు గనిలో ఉంగరం పడేసిందనీ, వియెలిచ్కాలో తవ్విన మొదటి ఉప్పు గడ్డలో అది దొరికిందనీ కథ. గని కార్మికులు ఆమెను తమ తల్లిగా కొలుస్తారు. 1999లో రెండో జాన్ పాల్ పోప్ ఆమెను సెయింట్‌గా ప్రకటించారు. ఆయన ఉప్పు విగ్రహం కూడా ఈ మందిరంలో ఉంది. ఆయన యవ్వనం క్రాకోవ్‌లో యుద్ధకాలంలోనే గడిచింది. అప్పుడు రాతి క్వారీలోనూ, సోడా ఫ్యాక్టరీలోనూ కూలి పని చేస్తూ రహస్యంగా చదువుకున్నారు.

చెప్పులు విప్పక్కర్లేదు. టోపీ తీయడం మర్యాద. ఇప్పటికీ ఆదివారాలు ఇక్కడ ప్రార్థనలు జరుగుతాయి కాబట్టి గొంతు తగ్గించి మాట్లాడండి. సొంతానికి ఫోటోలు తీసుకోవచ్చు.

గోడ నాకి చూడొచ్చా?

మామూలు గోడను చూడొచ్చు, చాలామంది గైడ్లే చూడమంటారు. విగ్రహాలను మాత్రం తాకకండి. తడి తగిలితే ఉప్పు కరుగుతుంది. 17వ శతాబ్దం చివర చెక్కిన సెయింట్ ఆంథోనీ మందిరంలో విగ్రహాల ముక్కూ ముఖమూ అరిగిపోయి ఉంటాయి. షాఫ్ట్ వైపు నుంచి వచ్చే తేమ గాలికే అలా అయిపోయాయి.

ఇప్పటికీ ఉప్పు తవ్వుతున్నారా?

లేదు. 1992లో గనిలోకి నీళ్ళు పొంగి పెద్ద ప్రమాదం వచ్చింది. ఉప్పు ధరలు కూడా పడిపోవడంతో 1996లో తవ్వకం పూర్తిగా ఆపేశారు. కానీ కార్మికులు ఇప్పటికీ రోజూ దిగుతారు, పాత గదులను నిలబెట్టడానికి, ఊరే నీటిని బయటికి తోడడానికి. తోడిన ఉప్పు నీటిని ఇగిర్చి ఉప్పు చేస్తారు. బయట దుకాణాల్లో అమ్ముతారు. 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా మొదలైనప్పుడు అందులో చేర్చిన తొలి 12 స్థలాల్లో ఈ గని ఒకటి.

యుద్ధం గని లోపలికి కూడా వచ్చిందా?

వచ్చింది. టూర్లలో ఎక్కువమంది పట్టించుకోకుండా దాటే విషయం ఇదే. మార్గం చివర్లో 36 మీటర్ల ఎత్తున్న స్తాషిట్స్ గది వస్తుంది. ఇప్పుడు అక్కడ ఎత్తు చూపించి, లోపలే బంగీ జంప్ చేశారనీ బెలూన్ ఎగరేశారనీ చెబుతారు. 1944లో మిత్రరాజ్యాల బాంబులకు అందకుండా విమాన భాగాల కర్మాగారాన్ని జర్మన్లు ఈ గనిలో పెట్టాలనుకున్నారు. యంత్రాలు దింపారు. క్రాకోవ్‌లోని ప్వాషుఫ్ నాజీ నిర్బంధ శిబిరం నుంచి యూదు ఖైదీలను బలవంతపు చాకిరీకి తీసుకొచ్చారు. సోవియట్ సైన్యం దగ్గర పడుతుండటంతో ఆ పథకం సాగలేదు. వియెలిచ్కా పట్టణంలోని యూదులను అంతకు రెండేళ్ళ ముందే, 1942 ఆగస్టులో, బెవ్‌జెత్స్ మరణ శిబిరానికి తరలించారు. ప్వాషుఫ్ పేరు గుర్తుంచుకోండి, మధ్యాహ్నం మ్యూజియంలో మళ్ళీ వస్తుంది.

మ్యూజియం అంతా షిండ్లర్ గురించేనా?

కాదు. 1993 నాటి హాలీవుడ్ సినిమా ‘షిండ్లర్స్ లిస్ట్’ చూసి, అందులోని దృశ్యాలను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇక్కడే తడబడతారు. 2010లో తెరిచిన ఈ శాశ్వత ప్రదర్శన విషయం నాజీ ఆక్రమణలో క్రాకోవ్, 1939 నుంచి 1945 దాకా. షిండ్లర్ అందులో ఒక మనిషి. ఇలా పెట్టడమే న్యాయం అని నా నమ్మకం. ఒక్క రక్షకుడి కథగా చెబితే మిగతా నగరం కనబడదు.

ఆయన గురించి తెలుసుకోవాల్సినవి ఇవి. ఆస్కర్ షిండ్లర్ 1908లో ఇప్పటి చెక్ దేశంలోని స్వితావిలో పుట్టిన జర్మన్ వ్యాపారి, నాజీ పార్టీ సభ్యుడు. లిపోవా వీధిలో 1937లో ముగ్గురు యూదు వ్యాపారులు పెట్టిన ఎనామెల్ గిన్నెల ఫ్యాక్టరీని 1939 చివర్లో చేతిలోకి తీసుకున్నాడు. వచ్చింది లాభం కోసమే. పాత ఫ్యాక్టరీతో సంబంధమున్న అబ్రహం బంకియెర్ వంటి యూదులు పని నడిపించారు. రాను రాను తన కార్మికుల ప్రాణాలు కాపాడటమే అతని పని అయ్యింది. లంచాలిచ్చి, మద్యం పోయించి, యుద్ధానికి అవసరమైన కార్మికులని వాదించి వాళ్ళను తన దగ్గర ఉంచుకున్నాడు. 1944లో ఫ్యాక్టరీని ఇప్పటి చెక్ దేశంలోని బ్రిన్లిట్స్‌కు తరలించినప్పుడు తయారైన జాబితా వల్ల సుమారు 1,200 మంది బతికారు. భార్య ఎమీలీ పాత్ర చాలాచోట్ల తక్కువగా చెబుతారు. 1945 జనవరిలో గడ్డకట్టే చలిలో రైలు పెట్టెల్లో చిక్కుకొచ్చిన ఖైదీలకు బ్రిన్లిట్స్‌లో తిండి పెట్టి, సేవ చేసి బతికించింది ఆమే.

లోపల ఏముంటుంది? ఎంతసేపు పడుతుంది?

గంటన్నర నుంచి రెండు గంటలు. గాజు పెట్టెల్లో వస్తువులు పేర్చిన మ్యూజియం కాదిది. మీరు గదుల్లోంచి, వీధుల్లోంచి నడుస్తారు. యుద్ధానికి ముందు క్రాకోవ్ జనాభాలో నాలుగో వంతు యూదులు, 60 వేల మందికి పైనే. మొదట వాళ్ళ పెళ్ళిళ్ళు, దుకాణాలు, పిల్లల ఫోటోలు చూస్తారు. తర్వాత గోడల మీద ఆజ్ఞా పత్రాలు పెరుగుతూ పోతాయి. వావెల్ కోటలో కూర్చుని ఏలిన గవర్నర్ హాన్స్ ఫ్రాంక్ కాలపు జెండాలు వస్తాయి. 1941 మార్చిలో పోద్గూజె వాడలో గెట్టో (యూదులను విడిగా నిర్బంధించిన పేట) పెట్టి, అంతకు ముందు మూడు వేల మంది ఉన్నచోట 15 వేలకు పైగా జనాన్ని కుక్కారు. దాని గోడలను యూదుల సమాధి రాళ్ళ ఆకారంలో కట్టారు. ఆ గోడల నమూనా మధ్య ఇరుకుదారిలో మీరూ నడుస్తారు. 1943 మార్చి 13, 14 తేదీల్లో గెట్టోను ఖాళీ చేయించారు. పని చేయగలిగినవాళ్ళను ఆమోన్ గోత్ ఏలుబడిలోని ప్వాషుఫ్‌కు తోలారు. చాలామందిని అక్కడికక్కడే కాల్చారు, మిగిలినవాళ్ళను ఆష్‌విట్జ్ మరణ శిబిరానికి పంపారు.

షిండ్లర్ ఆఫీసు గది, అందులో ఎనామెల్ గిన్నెలతో పేర్చిన పెద్ద గాజు గూడు ఉన్నాయి. గూడు లోపల బతికినవాళ్ళ పేర్లు రాసి ఉంటాయి. అక్కడ సెల్ఫీలు వద్దు.

పిల్లలను తీసుకెళ్ళొచ్చా?

గనికి తప్పకుండా. పిల్లలు పెద్దవాళ్ళకంటే హాయిగా దిగుతారు. స్ట్రాలర్ మాత్రం మెట్ల మీద పనికిరాదు, చంటిపిల్లలకు క్యారియర్ తెచ్చుకోండి. మ్యూజియం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు వద్దు. ఉరితీతల ఫోటోలు, చప్పుళ్ళు, చీకటి దారులు ఉంటాయి. అమ్మానాన్నల్లో ఒకరు బయట ఉండి, తర్వాత మారండి.

మెడలో స్వస్తిక్ లాకెట్ ఉంది. ఇబ్బందా?

ఆ రోజుకు బట్టల లోపల పెట్టుకోండి, లేదా తీసి దాచండి. స్వస్తిక్ ముద్ర ఉన్న టీషర్టు, సంచి కూడా వద్దు. మనకు అది గుమ్మానికి, పూజా పళ్ళేనికి శుభం. కానీ ఈ మ్యూజియంలో ఒక గదిలో నేల పలకల మీద నాజీల గుర్తు పరిచి ఉంటుంది. దాన్ని తొక్కుకుంటూ వచ్చినవాళ్ళల్లో తాతలనూ అమ్మమ్మలనూ పోగొట్టుకున్నవాళ్ళుంటారు. మీ లాకెట్ కథ వాళ్ళకు చెప్పే తీరిక ఆ క్షణంలో దొరకదు. పోలండ్‌లో నాజీ ప్రచారం నేరం కూడా. ఎవరైనా అడిగితే ప్రశాంతంగా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

ఆష్‌విట్జ్ కూడా అదే రోజు కలపొచ్చా?

కలిపి అమ్మేవాళ్ళున్నారు. వద్దు. అది క్రాకోవ్‌కు పడమర దిశలో 65 కి.మీ. పైగా దూరం, దానికి ఒక రోజంతా ఇవ్వాలి. పొద్దున ఆష్‌విట్జ్, మధ్యాహ్నం ఉప్పు గని అంటూ పరిగెత్తితే రెండింటికీ అన్యాయం చేసినట్టే.

శాకాహారులకు తిండి?

దొరుకుతుంది, అడిగి తీసుకోవాలి. పియెరోగి మన కజ్జికాయ ఆకారంలో ఉడికించిన పిండి వంటకం. బంగాళాదుంప, జున్ను కూరిన ‘రూస్కీ’ రకం అడగండి, పైన పంది కొవ్వు వేయించి చల్లుతారు కాబట్టి అది వద్దని ముందే చెప్పండి. బంగాళాదుంప అట్లు కూడా బాగుంటాయి. సూపుల్లో ఎక్కువ భాగం మాంసం ఉడికించిన నీళ్ళతోనే చేస్తారు. వీధి బండ్ల మీద ఓబ్వాజానెక్ అనే వలయాకారపు రొట్టె ఎప్పుడూ ఉంటుంది. గని లోపల కూడా భోజనశాల ఉంది. ఆవకాయ ప్యాకెట్ తెచ్చుకునేవాళ్ళకు నా మద్దతు ఉంది.

వీసా, డబ్బు?

షెంజెన్ వీసా చాలు. పోలండ్‌లో యూరో కాదు, జ్వోతీ నడుస్తుంది. కార్డు అన్నిచోట్లా తీసుకుంటారు. విద్యార్థులు గుర్తింపు కార్డు మరిచిపోవద్దు, రాయితీ ఉంటుంది.

ఇండియా నుంచి వచ్చామంటే గైడ్లు ‘మహారాజా’ అంటారట, ఎవరాయన?

గుజరాత్‌లోని నవానగర్ పాలకుడు జామ్ సాహెబ్ దిగ్విజయ్ సింహ్‌జీ. సోవియట్లు తమ దేశం లోపలికి తరలించిన పోలిష్ కుటుంబాల పిల్లల్లో వందలాది మందికి 1942లో బాలాచడిలో శిబిరం కట్టించి ఆశ్రయమిచ్చాడు. కొల్హాపూర్ దగ్గర వలివడేలో ఇంకా పెద్ద పోలిష్ శిబిరం నడిచింది. వార్సాలో ‘మంచి మహారాజు’ పేరుతో ఒక కూడలి ఉంది. గైడు ఈ సంగతి ఎత్తకపోతే మీరే ఎత్తండి, సంభాషణ బాగా సాగుతుంది.

టూర్ కంపెనీ లేకుండా సొంతంగా వెళ్ళలేమా?

నిక్షేపంగా వెళ్ళొచ్చు. గనిలోకి గైడు లేకుండా ఎవరినీ పంపరు, ఆ గైడు గని టికెట్‌లోనే వస్తారు. ఇంగ్లీషు గుంపులు రోజంతా ఉంటాయి. క్రాకోవ్ ప్రధాన స్టేషన్ నుంచి వియెలిచ్కా రీనెక్ కోపాల్నియా అనే చివరి స్టేషన్ దాకా లోకల్ రైలుంది, అరగంట లోపు ప్రయాణం. అక్కడినుంచి షాఫ్ట్‌కు నడిచి వెళ్ళొచ్చు. తిరుగు ప్రయాణంలో అదే లైన్ మీద క్రాకోవ్ జబ్వోచె స్టేషన్‌లో దిగితే మ్యూజియం పది నిమిషాల నడక. మ్యూజియం టికెట్లు నిర్ణీత సమయానికే ఇస్తారు, వేసవిలో రోజుల ముందే అయిపోతాయి. అందుకని ముందు మ్యూజియం టికెట్ దొరికించుకుని, దానికి కనీసం ఐదు గంటల ముందు వచ్చేలా గని టికెట్ తీసుకోండి.